పడిగె మీద ఉన్నది ఎవరు?

పాత చీరలు పొరలుగా పరిచి, అతుకు మీద అతుకు వేసి కుట్టే బొంత తెలుగిళ్లలో చలికి కప్పుకునేది. అదే అతుకుల పనితో అమెరికాలో బీసా బట్లర్ మనుషుల రూపాలు కుడతారు. పాత ఫొటో ముందుంచుకుని, నుదుటికొక గుడ్డ, చెంపకొక గుడ్డ ఎంచుతారు. ఆ ఫొటోల్లో పేరు తెలియని నల్లజాతి మనుషులెందరో. వాళ్ల ముఖం మిగిలింది, పేరు పోయింది.

మణుగూరు, భద్రాచలం అడవుల్లో ఇది తలకిందులు. అక్కడ పేరు మిగిలింది, ముఖం లేదు.

కోయల పడిగె పొడవాటి ముక్కోణపు గుడ్డ. వేరే రంగు గుడ్డల్లోంచి కత్తిరించిన మనుషులను, జంతువులను దాని మీద కుడతారు. ఆ మనుషులంతా ఒక గట్టుకు, అంటే కొన్ని గోత్రాల సమూహానికి, మూలపురుషులూ వేల్పులూ. కొలుపు నాడు పడిగె విప్పి, డోలి వాయిస్తూ వంశకథ పాడతారు. కన్ను, ముక్కు తీరు చూసి ఇతను ఫలానా అని పోల్చుకునే వీలు ఆ బొమ్మల్లో లేదు. పాట వింటేనే తెలుస్తుంది.

మరి పోలిక లేనిదాన్ని రూపం అనవచ్చా?

గోడ మీది ముత్తాత ఫొటోనే తీసుకుందాం. ఆయన్ని చూసినవాళ్లు పోయాక, పోలిక కుదిరిందో లేదో చెప్పేవారుండరు. ఇంట్లో ఎవరో ఒకరు 'ఈయన మా ముత్తాత' అంటేనే ఆయన ముత్తాత. పడిగె సంగతీ అంతే. సమ్మక్క భర్త పగిడిద్దరాజును చూసినవారు ఎవరూ లేరు. ఆయనకు ఎంత చక్కని ముఖం కుట్టినా అది ఊహే. మేడారంలో సమ్మక్కకూ విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె గద్దెకు వస్తుంది, జనం అందులో ఆమెనే చూస్తారు.

అలాగని గుడ్డ అనవసరం కాదు. కథ ఎక్కడ మొదలై ఎటు పోతుందో పాడేవారికీ వినేవారికీ కళ్లముందు ఉంచేది అదే. అయితే గుడ్డ ఒక్కటే చాలదు. ఒకనాడు బానిసగా బతికిన హారియెట్ పవర్స్ అమెరికాలో బైబిల్ కథలను బొంత మీద 11 గడుల్లో కుట్టింది. 1891లో పేదరికం వల్ల దాన్ని 5 డాలర్లకు అమ్ముకుంటూ, ఒక్కో గడి కథనూ కొన్నావిడకు వివరించింది. కొన్నావిడ వాటిని రాసి పెట్టుకోబట్టే ఆ బొమ్మలు ఎవరివో నేడు తెలుస్తోంది.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ డోలి మీద పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. అలాంటి ఒక్కరు పోతే, పడిగె మీది బొమ్మల్లో కొన్ని పేరు లేనివైపోతాయి. అప్పుడు అద్దాల పెట్టెలో ఎంత భద్రంగా దాచినా మిగిలేది గుడ్డే.

పడిగె కుట్టడం నేర్పే వారెవరైనా ముందు డోలి వాయించి పాడే పెద్దలను పిలవాలి. వారి అనుమతితో ఒక్కో బొమ్మ పేరు అడిగి, పాట మొత్తం కోయభాషలోనే రికార్డు చేయాలి. ఆ పాటను ముందుగా వినాల్సింది అక్కడి ఆశ్రమ పాఠశాలల్లోని కోయ పిల్లలు.