తినడానికి రాలేదు

పెరటి చెట్టు మీద అరచేయంత రెక్కల పురుగు కనిపిస్తే చీపురు అందుకోకండి. లేత ఆకుపచ్చ రెక్కలు, వెనక పొడవాటి తోకలు ఉంటే అది మూన్ మాత్. అది తినడానికి రాలేదు. రెక్కలొచ్చాక దానికి పనిచేసే నోరే ఉండదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్నదే దాని సద్దిమూట. ఆ బలంతో కొద్ది రోజులే బతుకుతుంది. ఆలోగా జత కట్టాలి, గుడ్లు పెట్టాలి. మరి దాని పిల్లలు ఆకులు తినవా అంటారా? తింటాయి. కానీ చెట్టు మళ్లీ చిగురిస్తుంది. ఆ గొంగళిపురుగుల్లో చాలావాటిని పిట్టలు ఏరుకుంటాయి. మద్ది చెట్ల మీద పెరిగి మనకు దసలి పట్టు ఇచ్చే పురుగు కూడా దీని చుట్టమే. కాబట్టి వాలినచోటే వదిలేయండి. వెలుగు చుట్టూ తిరుగుతూ ఉండిపోకుండా రాత్రి పెరటి దీపం ఆర్పేయండి. అది తినడానికి రాలేదు. దానికున్న సమయమే తక్కువ.