పత్తిచేలో గుర్రం

దసరా దాటాక తుంగతుర్తి దిక్కు వెళ్ళి చూడండి. కాయ పగిలిన చేలు తెల్లారగట్ల వెన్నెల వెళ్ళడం మరిచిపోయినట్టుంటాయి. నడుముకు ఒడి కట్టుకున్న ఆడవాళ్ళు సాళ్ళ వెంట వంగి పత్తి ఏరుతుంటారు. ఎండిన కాయ మొనలు గుచ్చుకుని వేళ్ళు చిట్లుతాయి. దూది మీద ఎక్కడైనా ఓ ఎర్రచుక్క కనబడితే అది ఏరిన మనిషిదే.

ఆ తెలుపు చూసి పెరిగిన కళ్ళతోనే 2013లో హైదరాబాద్ హాల్లో 'జాంగో అన్‌చెయిన్డ్' చూశాను. గుర్రం మీద పారిపోతున్న ఓ పెత్తందారు. దూరాన్నుంచి ఒక్క తూటా. దర్శకుడు టరంటీనో కెమెరా వాడి మొహం వైపు పోదు, విచ్చిన పత్తి దగ్గర ఆగుతుంది. తెల్లటి దూది మీద నెత్తురు చిమ్ముతుంది. వెనక వరసలో ఎవరో ఈలేశారు. నాకు ఊపిరాడలేదు. పత్తి మీద ఇన్నాళ్ళకు కొట్టేవాడి నెత్తురు పడింది!

కౌబాయ్ సినిమాల పిచ్చి నాకు మా నాయిన ఇచ్చిన ఆస్తి. ఆయన దేవుడు హీరో కృష్ణ. ఆయన వేదం 1971 నాటి 'మోసగాళ్ళకు మోసగాడు'. ఆరుద్ర రాత, కె.ఎస్.ఆర్. దాస్ తీత, రాజస్థాన్ ఇసుకలో గుర్రాల దుమ్ము. దాని వేళ్ళు ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ దగ్గర ఉన్నాయని నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ వేళ్ళ వెంట పోతే 1966 నాటి ఇటలీ 'జాంగో' తగిలింది, శవపేటికను బురదలో ఈడ్చుకుంటూ నడిచే ఫ్రాంకో నీరో. ఆ పాత సినిమా పాటనే కొత్త సినిమా మొదట్లో, సంకెళ్ళతో నడిచే బానిసల మీద వేశారు. నీరో కూడా ఓ చోట వచ్చి, కొత్త జాంగో పక్కన నిలబడి పేరడిగి పోతాడు. నాలాంటివాడికి అది కొబ్బరికాయ కొట్టాల్సిన చోటు.

ఎడారిలో, పశువుల మందల మధ్య తిరిగే గుర్రాన్ని 1858 నాటి పత్తిచేలోకి తోలుకురావాలన్న ఆలోచన ఎంత గొప్పది! ఈ సినిమాలో హింస రెండు రకాలు. బానిసల ఒంటి మీద పడే దెబ్బ గరుగ్గా ఉంటుంది. కుక్కల్ని ఉసిగొల్పే సీను ఇప్పటికీ తలెత్తి చూడలేను. జాంగో తుపాకి పేలితే మాత్రం హోలీ. మిర్యాలగూడ మిత్రుడొకడు "ఇంత నెత్తురెందుకు?" అంటాడు. కోదాడలో బస్సెక్కితే సూర్యాపేట దాకా మాకు ఇదే పంచాయితీ. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో వరి పండించేవాడికి పత్తి బాధేం తెలుసని వాణ్ణి ఆట పట్టిస్తాను. చివర్లో డైనమైట్ కాస్త ఎక్కువైందని మాత్రం ఒప్పుకుంటాను.

నాకిష్టమైనది కాల్పులు లేని ఓ నిమిషం. కొడుకు పక్కనుండగా పొలం దున్నుకుంటున్న నేరస్తుణ్ణి కాల్చాల్సొచ్చి జాంగో తటపటాయిస్తాడు. నేరస్తుల్ని వేటాడి డబ్బు తీసుకునే పాత్రలో ఉన్న క్రిస్టఫ్ వాల్ట్జ్ అతని చేత ఆ మనిషి తలకు వెల కట్టిన కాగితాన్ని చదివిస్తాడు. నిన్నటిదాకా బానిసైన జాంగో కూడబలుక్కుంటూ చదువుతాడు.

తలకు వెల కట్టడం మా గడ్డకు కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో దళం నడిపిన కరివిరాల కొత్తగూడెం ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం తలకు నిజాం సర్కారు 10,000 రూపాయలు కట్టింది. అదే తల ఎత్తుకుని ఆమె 1978లో తుంగతుర్తి ఎమ్మెల్యేగా అసెంబ్లీకి వెళ్ళింది. మా దగ్గర ఆ కాగితం ఎప్పుడూ దొరల పక్షాన ఉండేది. టరంటీనో దాన్ని జాంగో చేతిలో పెట్టాడు.

ఓసారి ఇంట్లో ఆ సినిమా పెట్టుకుంటే నాయినమ్మ వచ్చి మంచం మీద కూచుంది. భాష రాదు. దొర గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన రోజులు తెలిసిన మనిషి. తెర మీద నల్లనివాడు గుర్రమెక్కి ఊళ్ళోకి వస్తున్నాడు, వీధి వీధంతా కొయ్యబారి చూస్తోంది. నాయినమ్మ ముందుకు వంగింది.

"గా పిలగాడు గుర్రం దిగకుంటనే పోతుండేందిరా? ఆ ఊళ్ళె దొర లేడా?"