నవ్వులపాలు

నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు పెద్దలు. ఆ నాలుగు విధాలూ ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పిన పాపాన పోలేదు గాని, ఆ మాట ఎక్కువగా ఎవరితో అన్నారో మాత్రం మనకి బాగా తెలుసు. ఆడపిల్ల పదిమందిలో పకపకా నవ్వితే చాలు, వంటింట్లోంచి ఓ గొంతు ఖంగుమనేది. అదే మగపిల్లాడు నవ్వితే, 'అచ్చం తాత పోలికే' అని మురిసిపోయేవారు. మయసభలో ద్రౌపది నవ్వింది కాబట్టే భారత యుద్ధం వచ్చిపడిందని మనవాళ్ళ గట్టి నమ్మకం. జూదమాడినవాళ్ళూ, ఆడించినవాళ్ళూ, గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్న పెద్దమనుషులూ అంతా మెల్లిగా పక్కకి తప్పుకున్నారు. ఆవిడ నవ్వొక్కటే మిగిలింది.

నవ్వటం సంగతి అలా ఉంచండి. నవ్వులపాలు కావటం అని ఇంకోటుంది. మన భాషలో అప్పులపాలు, జబ్బులపాలు, నవ్వులపాలు అన్నీ ఒకే వరుసలో కూర్చుంటాయి. నన్నడిగితే మధ్యతరగతి ఇళ్ళలో అప్పులకన్నా నవ్వులకే భయం ఎక్కువ. నలుగురూ నవ్వుతారేమోనన్న భయంతోనే కదూ మనం సగం అప్పులు చేసేది!

ఈ భయానికి పుట్టిల్లు ఏదని అడిగితే చాలామంది పల్నాడు వైపు వేలు చూపిస్తారు. అక్కడ దానికి పౌరుషం అని పేరు. 12వ శతాబ్దంలో మాచర్ల వారికీ గురజాల వారికీ మధ్య కోడిపందెం జరిగింది. ఓడినవాళ్ళు ఏడేళ్ళపాటు ఊరు వదిలి పోవాలన్నది పందెం. వాళ్ళు పోయారు. ఆ రగిలింది రగిలి, చివరికి కారంపూడి దగ్గర యుద్ధమై, అన్నదమ్ములే ఒకర్నొకరు నరుక్కున్నారు. పౌరుషమంతా బ్రహ్మనాయుడి వైపూ, తప్పంతా నాగమ్మ వైపూ పడింది. అక్కడా అంతే, గమనించారా? ఆ వీరులకి కారంపూడిలో ఇప్పటికీ ఏటా ఉత్సవం చేస్తారు. పందెంలో ఓడి నలుగురిలో తల వంచుకోవటం కన్నా తల తెగటమే మేలనుకున్న నేల అది.

2022 ఏప్రిల్‌లో నరసరావుపేట ముఖ్యపట్టణంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఆ జిల్లాలో సత్తెనపల్లి దగ్గర, ముప్పాళ్ళ మండలంలో చాగంటివారిపాలెం అనే ఊరుంది. (ఆ ప్రాంతం అసలు పల్నాడే కాదని మాచర్ల, గురజాల వాళ్ళు తగువుకొస్తే నేనేమీ చెయ్యలేను, మ్యాపు అలా గీశారు.) ఆ ఊళ్ళో వడ్రంగం చేసుకునే ఆయన ఇంట్లో 1956 ఫిబ్రవరి 1న ఓ పిల్లాడు పుట్టాడు. కష్టం మీద చదువుకుని, తెలుగులో ఎమ్మే చేసి, పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో తెలుగు లెక్చరరయ్యాడు. ఆ పిల్లాడే కన్నెగంటి బ్రహ్మానందం గారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. పేదింటి పిల్లాడు లెక్చరర్ కావటమంటే ఏమిటో ఇంటింటి లెక్కా తెలిసిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అంతకు ముందు పేరు పెట్టి పిలిచినవాళ్ళు కూడా మాస్టారూ అంటారు. వీధిలో నడుస్తుంటే పిల్లలు పక్కకి తప్పుకుని నమస్కారం పెడతారు. పల్నాటి కొలతలో చెప్పాలంటే, మీసం మీద చెయ్యి వెయ్యటానికి కావలసినంత అర్హత. అలాంటాయన 1987లో జంధ్యాల గారి 'అహ నా పెళ్ళంట' సినిమాలో తల సగం గొరిగించుకుని, అరగుండు అనే పేరుతో, కోట శ్రీనివాసరావు గారి పిసినారి పాత్ర దగ్గర పనివాడిగా నిలబడ్డారు. ఆ తర్వాత చెంపదెబ్బలు తిన్నారు, బురదలో పడ్డారు, ఆడవాళ్ళ చేత చీవాట్లు తిన్నారు. అలా వేషం మీద వేషం వేస్తూ, బతికున్న నటుల్లో అందరికన్నా ఎక్కువ పాత్రలు వేసిన మనిషిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. 2009లో పద్మశ్రీ వచ్చింది. మూడేళ్ళు తిరక్కుండానే 'దూకుడు'లో అందరూ ఆడించే ఓ ఆశపోతు వేషం వేశారు. ఆ పాత్ర పేరేమిటనుకున్నారు? పద్మశ్రీ!

ఇప్పుడు నా సందేహం. మనిషి తన్ను తాను నవ్వులపాలు చేసుకోవటం ఆత్మగౌరవం చంపుకోవటం అవునా, కాదా? డబ్బిస్తున్నారు కదా అనేది జవాబు కాదు. డబ్బిస్తే మాత్రం మనం చేస్తామా? పోనీ, ఎదురుగా కుర్చీలో కూర్చుని నవ్విన మనం ఆ మనిషికి ఏమైనా బాకీ పడతామా, లేక టిక్కెట్టుతోనే చెల్లయిపోతుందా?

దీనికి జవాబు వెతుక్కుంటూ నేను సినిమాహాలు నుంచి ఓ భోజనాల గదిలోకి వెళ్ళాల్సి వచ్చింది. మా దూరపు బంధువుల్లో ఒకావిడ మాచర్ల వైపు పిల్ల. డెల్టా ఊరికి కోడలుగా వచ్చింది. ఆవిడ మాటకి ఓ సాగతీత ఉండేది, వినటానికి నాకు హాయిగానే ఉండేది. అత్తగారింట్లో మాత్రం అదో వినోదం. చుట్టాలొచ్చినప్పుడల్లా, 'ఏదీ, ఆ మాట మళ్ళీ అను' అని అడిగి మరీ అనిపించేవారు. మరుదులు అనుకరించేవారు. అందరితోపాటు ఆవిడా నవ్వేది. ఎంత సరదా మనిషో అని ఊరంతా మెచ్చుకునేవారు. చాలా ఏళ్ళ తర్వాత ఓ పెళ్ళిలో కూరగాయలు తరుగుతూ నాతో అంది: "నవ్వకపోతే కోపిష్ఠిదంటారు వదినా, నవ్వితే ఇంకోసారి అనమంటారు. రెంటికీ మధ్య ఏం చెయ్యాలో నీకు తెలిస్తే చెప్పు."

నాకు తెలియలేదు. వంకాయలు తరిగాం.

బ్రహ్మానందం గారు తిన్న చెంపదెబ్బకీ, ఆవిడ తిన్న దానికీ తేడా అక్కడే ఉంది. ఆయన దెబ్బ ముందే రాసుకున్నది. ఎవరు కొడతారో, ఎన్నిసార్లు కొడతారో, మొహం ఏ పక్కకి తిప్పాలో అన్నీ మాట్లాడుకుని చేసేది. చెయ్యననటానికి ఆయనకి నోరుంది. అయిపోగానే డైరెక్టరు 'కట్' అంటాడు, కొట్టినవాడే వచ్చి కుర్చీ వేస్తాడు, సాయంత్రానికి పారితోషికం, బొమ్మ ఆడేటప్పుడు తెర మీద పేరు. ఆవిడ భోజనాల గదిలో కట్ అనేవాడే లేడు. ఇరవై ఏళ్ళు ఒకే షాటు నడిచింది. పైగా ఆవిడ నవ్వింది కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క! ఒప్పుకోలు అంటే వద్దనగలిగి కూడా సరేననటం. వద్దంటే కాపరానికే మచ్చ వస్తుందనుకున్న పిల్ల నవ్వు ఏ లెక్కలోకి వస్తుందో మీరే చెప్పండి.

అంతమాత్రాన తెర మీద నవ్వంతా గంగాజలమని నేననటం లేదు. మన సినిమాల్లో నత్తి మీద, నలుపు మీద, లావు మీద, బట్టతల మీద ఎంత నవ్వు పిండుకున్నారో అందరికీ తెలుసు. ఊరికే దెబ్బకోసం దెబ్బ కొట్టే సీన్లు బ్రహ్మానందం గారి సినిమాల్లోనూ బోలెడున్నాయి. ఆయనుండి కూడా అవి నాకు విసుగే. హీరో గొప్పతనం తేలాలంటే పక్కన ఓ చెంప ఉండాలన్న రచయితల బద్ధకం అది. మామూలు కొట్లాట సీన్లలో హీరో విలన్లని కొడతాడు, వాళ్ళు తిరగబడతారు. ఇక్కడ తిరగబడనివాణ్ణి కొడుతున్నాడు. దాన్ని పౌరుషమని కారంపూడిలో కూడా ఒప్పుకోరు.

అరగుండు సంగతి వేరు. ఆ సినిమా గుర్తున్నవాళ్ళు జ్ఞాపకం చేసుకోండి. కోడిని దూలానికి వేలాడగట్టి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే యజమాని. వాడి కింద పనివాడు. పైకి వినయం, లోపల కుతకుత. మొహంలో ఓ పక్క భక్తి, ఓ పక్క శాపనార్థాలు. హాల్లో ఆడవాళ్ళు పడీపడీ నవ్వారంటే సగం తల గుండు చూసి కాదని నా అనుమానం. అత్తగారి ముందు కాఫీ గ్లాసు పట్టుకుని, 'అలాగేనండీ' అంటూ లోపల లోపల దండకం చదువుకున్న ప్రతి ఇల్లాలికీ ఆ మొహం తెలుసు. అది మన మొహమే. మనం అద్దంలో కూడా చూసుకోటానికి జంకే మొహాన్ని ఆయన అరవై అడుగుల తెర మీద పెట్టి చూపించారు. ఆ నవ్వులో పాలైంది పనివాడు కాదు, పిసినారి యజమాని.

తర్వాత్తర్వాత ఆయన పాత్రలు మారాయి. 'మనీ'లో ఖాన్ దాదా (1993), 'అదుర్స్'లో భట్టు (2010), ఇందాక చెప్పిన పద్మశ్రీ. వీళ్ళు ఎవరో తొక్కితే పడ్డవాళ్ళు కారు. నాకంత తెలుసు, నాకింత ఉంది అని ఛాతీ విరుచుకుని ఎక్కి, తమంత తామే జారినవాళ్ళు. ఖాన్ దాదా రౌడీ, కాని మనసంతా సినిమా వేషం మీదే. డాంబికం పడిపోతే నవ్వటంలో తప్పు లేదనే నాకనిపిస్తుంది. దిగేవాడు తన మెట్లే దిగుతున్నాడు గనక. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడూ, సంస్కృత నాటకాల్లో విదూషకుడూ ఎప్పటినుంచో చేస్తున్న పని ఇదే. రాజుగారి పక్కనే నిలబడి రాజుకి తెలియనిది చెప్పే అధికారం విదూషకుడికుంది. ఆ అధికారానికి అద్దె, ముందు తనే నవ్వులపాలు కావటం.

బాకీ సంగతి ఇంకా తేలలేదు. సూర్యకాంతం గారిని తీసుకోండి. 'గుండమ్మ కథ' (1962) లాంటి సినిమాల్లో గయ్యాళిగా ఆవిడ అంత బాగా నటించారు కాబట్టి, తెలుగు దేశంలో ఆడపిల్లకి ఆ పేరు పెట్టటమే మానేశారని చెప్పుకుంటారు. సెట్టుకి తన ఇంటినుంచి వంటకాలు తెచ్చి అందరికీ తినిపించే మనిషని ఆవిడతో పనిచేసినవాళ్ళు చెప్పారు. 1994లో ఆవిడ పోయారు. ఇప్పటికీ ఎవర్నైనా తిట్టాలంటే ఆ పేరే వాడేస్తాం. వినోదం పుచ్చుకుని, బదులుగా ఆవిడ పేరునే తిట్టు చేసి ఇచ్చాం. మన బాకీ తీర్చే పద్ధతి అలా ఏడిసింది.

బ్రహ్మానందం గారి దగ్గర మనం పుచ్చుకున్నది పేరు కాదు, మొహం. మా పక్కింటి కుర్రాడు 'అహ నా పెళ్ళంట' చూడనే లేదు. అయినా వాడి ఫోనులో ఆయన మొహాలు యాభైకి తక్కువుండవు. ఏడుస్తున్నవి, ఉడుక్కుంటున్నవి, ఓరచూపువి. వాటిని మీములంటారుట. మొదట్లో నాకిది నచ్చలేదు. ఎప్పుడో ఏదో సీనుకోసం ఇచ్చిన మొహాన్ని ఆయన్ని అడక్కుండా వీధి తగువులకి వాడుకోవటమేమిటి అనిపించింది. తర్వాత ఆ కుర్రాడు ఆ బొమ్మలు ఎప్పుడెప్పుడు పంపుతున్నాడో చూశాను. పరీక్ష తప్పినప్పుడు. నెలాఖర్న జేబులో డబ్బు అయిపోయినప్పుడు. ఉద్యోగానికి పిలుస్తామన్నవాళ్ళు పిలవనప్పుడు. వేరేవాళ్ళని వెక్కిరించటానికి తక్కువ, 'నా గతి ఇదీ' అని చెప్పుకోటానికి ఎక్కువ. పాతికేళ్ళ మగపిల్లాడు ఓడిపోయానని నోటితో అనలేడు, అంటే నామోషీ. ఆ మొహం పంపితే అనేసినట్టే. అవతలివాళ్ళు ఓ నవ్వు నవ్వి, ఏమైందిరా అని అడుగుతారు.

కోడి ఓడిపోయిందని ఊరొదిలిపోయిన కథ విన్న నేలమీదే, ఓడిపోయానని చెప్పుకోటానికి ఓ దారి దొరికిందన్న మాట. ఆ మొహం అన్నిసార్లు దెబ్బలు తిని ఉండకపోతే అది అంత తేలిగ్గా అరువు ఇవ్వగలిగేది కాదేమో. ఆత్మగౌరవం చంపుకున్న మనిషి మొహమైతే చూసి జాలిపడతాం. ఈ మొహాన్ని చూసి ఎవరూ జాలిపడరు, మన ఇంట్లోవాడనుకుంటారు.

2023లో కృష్ణవంశీ గారి 'రంగమార్తాండ' వచ్చింది. అందులో బ్రహ్మానందం గారు నవ్వించలేదు. ప్రకాష్ రాజ్ గారి స్నేహితుడుగా, ఓ రంగస్థల నటుడి వేషం వేసి, ఆస్పత్రి మంచం మీద జనాన్ని ఏడిపించారు. చూసొచ్చిన వాళ్ళంతా ఒకటే పాట: 'అబ్బ, ఇన్నాళ్ళకి అసలైన నటన చేశాడు!' ఇన్నాళ్ళూ చేసింది మరి ఏమిటిట? ఏడిపించినవాడికి శాలువా, నవ్వించినవాడికి చిటికె. మన ఇళ్ళలోనూ అంతే కదా. కష్టాలు చెప్పే అత్తయ్యకి మంచం వేసి కూర్చోబెడతాం, నవ్వించే పిన్నిని మాత్రం వంటింట్లోకి తోస్తాం, ఎలాగూ ఏమీ అనుకోదని.

కరోనా రోజుల్లో ఆయన ఇంట్లో కూర్చుని పెన్సిలుతో దేవుళ్ళ బొమ్మలు గీశారు. 2020 ఆగస్టులో అయోధ్య భూమిపూజ జరిగినప్పుడు కన్నీళ్ళు పెట్టుకుంటున్న ఆంజనేయుణ్ణి గీశారు. తర్వాత వేంకటేశ్వరస్వామిని గీసి ఓ తోటి నటుడికి కానుకగా ఇచ్చారు. గీత మీద గీత, చాలా ఓపికైన పని. వడ్రంగి పిల్లాడు గదా, చెక్క మీద తండ్రి పెన్సిలు గీత చూసి పెరిగిన చెయ్యి. ఆ ఆంజనేయుడి బొమ్మ నా దగ్గర చూసి మా ఇంటికొచ్చిన ఒకావిడ, గీసిందెవరో చెప్పగానే ముందు నవ్వేసింది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పరకాయించి చూసి, "ఇందులో నవ్వటానికేముందండీ?" అని నన్నే అడిగింది.

ఏమీ లేదన్నాను.