కవిసభలో కొలత

అవధానసభలలో నిషిద్ధాక్షరి యను నంశము కలదు. అవధాని యొక యక్షరము పలుకగానే, తరువాత రాదగిన యక్షరమును పృచ్ఛకుడు నిషేధించును. అవధాని వేఱొక త్రోవ వెదకుకొనును. ఇంతటి యడ్డంకిని సైతము అతడు అవమానముగా దలపడు. ఏలన, నిషేధము అక్షరమునకు గాని మనుష్యునకు గాదు; అదియు నందఱు వినుచుండగా జరుగును. కవులలో పరస్పరవిశ్వాస మెట్టిదని యడుగువారికి మేము దీనినే చూపుదుము.

మనుష్యునకే నిషేధము పెట్టిన సభలును మన దేశమున కలవు. గుఱ్ఱం జాషువ (1895–1971) పద్యరచనలో నెవరికిని తీసిపోనివాడు. అయినను కులము పేర సభలలో అవమానముల ననుభవించెను. సందేశకావ్యపు మర్యాదను చక్కగా నెఱిగియే 1941లో ‘గబ్బిలము’ వెలువరించెను. అందు సందేశము మోయునది మేఘము గాదు, గబ్బిలము. నాయకునకు ప్రవేశములేని గుడిలోనికి అది పోగలదు గదా! కావ్యనియమముల నన్నిటిని చెల్లించినవానికి సైతము పంక్తి వేఱయ్యె ననినచో, ఆ సభవారు కొలిచినది పద్యమును గాదు.

ఇది ఛాందసుల దోషమని మనము తప్పించుకొనరాదు. 18వ శతాబ్దమున తంజావూరి యాస్థానమున నుండిన ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రచించెను. వీరేశలింగము పంతులుగారు కవుల చరిత్రమున దాని శృంగారమును తీవ్రముగా గర్హించిరి. పూర్వముద్రణమున ఆమె పీఠికాపద్యములే లోపించుట గాంచి, బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో పూర్ణగ్రంథమును ప్రకటించిరి; సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు వలదా యని నిలదీసిరి. ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. పురుషుల ప్రబంధములలో శృంగారము తక్కువా? వితంతువివాహములకై లోకనింద నోర్చిన మహనీయుడే యిట రెండు తూనికరాళ్లు వాడుట మాకు బాధాకరము. సంస్కారులమని చెప్పుకొను వారందఱు ఈ యుదంతమును రెండుమాఱులు చదువవలెను.

ఇంకొక దోషము మృదువైనది, కావున కంటబడదు. విద్యార్థుల కవిసమ్మేళనమున నొక బాలిక పద్యము చదువును. “ఆడపిల్ల, ఈమాత్రము వ్రాసినది, చాలును” అని పెద్దలు చప్పట్లు చఱతురు. వెనుక చదివిన బాలుని పద్యమున మాత్రము గణభంగము నెత్తిచూపుదురు. వీరిలో సభవారు కవిగా నెంచిన దెవరిని? మా యుద్దేశమున, తిట్టు తిన్న బాలుడే యదృష్టవంతుడు. జాలితో నిచ్చిన పీట కూర్చుండుటకు పనికివచ్చును గాని, మాట్లాడుటకు ధైర్యమీయదు.

అందఱిని రానిచ్చినచో కవిత్వపు స్థాయి దిగజాఱునని భయపడు మిత్రులు కలరు. రానిచ్చుట వేఱు, మెచ్చుట వేఱు. వచ్చినవారి పేరు, ఊరు, ఇంటిపేరు విచారింపక ముందే పద్యము విందము. తప్పున్నచో కాఫీకొట్టు కడ గుసగుసలాడుట మాని, చదివినవారి యెదుటనే, ఏ నియమము తప్పినదో తెలిపి చెప్పుదము. ఆ బాలిక పద్యమున మూడవపాదమున యతి చెడినచో ఆమెకే చెప్పుదము. చెడలేదని ఆమె వాదించినచో, లక్షణగ్రంథము తెచ్చి యిద్దఱము చూతము.