తడిసిన ధాన్యం రాశి అడుగున



ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ధాన్యపు రాశి పక్కగా వెళుతూ ఆగి, అందులోకి చేయి పోనిచ్చారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. మరి జనానికి కనబడేలా తడి ధాన్యాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడని స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలోని హదీసు సారాంశమిది.

గమనించండి! వాన కురవడం వర్తకుని తప్పు కాదు. ధాన్యం అమ్మడమూ తప్పు కాదు. తనకు తెలిసిన లోపం కొనేవాని కంట పడకుండా చేయడమే అతని నేరం.

నేటి బజారులో కంపెనీల షేర్లు కూడా అమ్ముడవుతున్నాయి. అమెరికాలోని ఎక్సాన్ చమురు కంపెనీనే తీసుకోండి. చమురు, బొగ్గు మండించడం వల్ల భూమి వేడెక్కుతుందని 1977లోనే ఆ కంపెనీ శాస్త్రవేత్త ఒకరు పైఅధికారులకు వివరించారు. కంపెనీ శాస్త్రవేత్తల నాటి అంచనాలు చాలావరకు నిజమయ్యాయని 2023లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన పరిశోధన తేల్చింది. కాని 1997లో బీజింగ్ సభలో ఆ కంపెనీ అధినేత ఈ విషయాన్నే శంకిస్తూ ప్రసంగించారు.

2018లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆ కంపెనీపై దావా వేశారు. వాతావరణ చట్టాలు కఠినమైతే పడబోయే భారం గురించి పెట్టుబడిదారులకు ఒక లెక్క చెప్పి, లోపల మరో లెక్క వాడుకుందన్నది అభియోగం. ఉపాధ్యాయుల, ప్రభుత్వోద్యోగుల పింఛను సొమ్ము కూడా ఆ షేర్లలో ఉంది. రెండు లెక్కలూ వేర్వేరు అవసరాలకని కంపెనీ వాదించింది. అభియోగం రుజువు కాలేదని 2019 డిసెంబరులో న్యాయస్థానం దావా కొట్టివేసింది. అయితే వాతావరణ మార్పుకు కారణమైన బాధ్యత నుండి కంపెనీని తప్పించడం తన ఉద్దేశ్యం కాదని కూడా న్యాయమూర్తి రాశారు.

దీన్ని మనం ఎలా చూడాలి?

మొదటిది, రుజువు కాని నేరాన్ని ఎవరికీ అంటగట్టరాదు. మనకు గిట్టనివారి విషయంలోనూ న్యాయం తప్పరాదని దివ్య ఖుర్ఆన్ (5:8) ఆదేశం.

రెండవది, లోకంలోని తీర్పు ఆఖరి తీర్పు కాదు. వాక్చాతుర్యంతో తన ముందు వ్యాజ్యం గెలిచి సోదరుని హక్కు పొందినవాడు అగ్నిఖండాన్నే తీసుకుపోతున్నాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. దీన్ని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించారు.

మూడవది, రాశిలో చేయి పెట్టి చూసేవారు ఉండాలి. సామాన్యుని సొమ్ము తీసుకున్నవారిని లెక్క అడగడం పాలకుల బాధ్యత.

ఇక మన ఇళ్ళ సంగతి! తగాదాలో ఉన్న స్థలాన్ని, రిపేరుకొచ్చిన బండిని చెప్పకుండా అమ్మేస్తున్నాం. బావమరిది సొమ్ము వ్యాపారంలో పెట్టించి నష్టం దాస్తున్నాం. పెళ్ళి సంబంధంలో జబ్బు దాస్తున్నాం. ఇవన్నీ అడుగున పెట్టిన తడి ధాన్యమే కదా! అమ్మేవారూ కొనేవారూ నిజం చెప్పి లోపం వెల్లడిస్తే వారి బేరంలో శుభం ఉంటుందని, దాస్తే అది తుడిచిపెట్టుకుపోతుందని హదీసు బోధిస్తోంది.

మన రాశి పైనా అడుగునా ఒకేలా ఉండే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.