తొందర ఎవరిది?

మనిళ్ళల్లో ఉన్న యంత్రాలన్నీ మనతో ఒక్కమాటే చెబుతాయి, "నీకు టైము మిగులుస్తాను" అని. మిక్సీ అదే చెప్పింది. గ్రైండరూ అదే. కుక్కరయితే ఈలవేసి మరీ చెప్పింది. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోను, పట్నాల్లో కూరగాయల్ని సైతం నిమిషాల్లో గుమ్మంలో పెడతానంటోంది. నేను వీటిని తిట్టబోవడం లేదు లెండి. రుబ్బురోలు గొప్పదనం గురించి ముచ్చటగా రాసే మగవాళ్ళలో దానిముందు కూర్చుని మినప్పప్పు రుబ్బినవాళ్ళు ఎంతమందో నాకు తెలీదు గానీ, మా అమ్మమ్మ మాత్రం దాన్ని ఒక్కనాడూ పొగడలేదు. గ్రైండరు ఇంటికొచ్చిన రోజున బొట్టుపెట్టి లోపలికి పిలిచింది.

అంతటి అమ్మమ్మా మామిడికాయ దగ్గర మాత్రం తొందరని దరికి రానిచ్చేది కాదు.

మాది నూజివీడు ప్రాంతం. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు కృష్ణాలోంచి ఏలూరులోకి మారింది. చెట్లకి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు, చిన్నరసాలు ఎప్పటిలాగే కాస్తున్నాయి. కాయ కోసి తెచ్చాక సొన ఆరనిచ్చి, చీకటిగదిలో వరిగడ్డి పరిచి, వరసగా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పేవారు. అమ్మమ్మ రోజూ పొద్దున్నే తలుపు ఓరగా తీసి ఒక్కసారి వాసన పీల్చి, "ఇంకా రెండు రోజులు" అని మూసేసేది. ఆ రెండు రోజులూ మేం ఆ గది చుట్టూ పిల్లుల్లా తిరిగేవాళ్ళం.

ఆవిడకి తెలియని సంగతి ఒకటి నేను తర్వాత చదువుకున్నాను. మామిడికాయ తనంతట తానే ఎథిలీన్ అనే వాయువుని విడుస్తుంది. ఆ వాయువే దాన్ని పండిస్తుంది, పక్కనున్న కాయల్నీ పండిస్తుంది. గడ్డి చేసేదల్లా వెచ్చదనాన్నీ, ఆ గాలినీ పోకుండా పట్టి ఉంచడమే. పేరు తెలియకపోయినా పని తెలుసు ఆవిడకి.

తొందరపడేవాళ్ళకి కార్బైడు దొరికింది. వెల్డింగు షాపుల్లో వాడే రాయి అది. తడి తగిలితే ఎసిటిలీన్ అనే వాయువొస్తుంది. అది ఎథిలీన్‌లాగే నటిస్తుంది. తెలుగులో పచ్చ అంటే ఆకుపచ్చా అవుతుంది, పసుపుపచ్చా అవుతుంది. కార్బైడు ఒక పచ్చని ఒకటి రెండు రోజుల్లో ఇంకో పచ్చ చేసేస్తుంది. లోపల టెంక దగ్గర పులుపు అలాగే ఉంటుంది. అంతటితో పోతే బాగానే ఉండును గానీ, ఆ రాయిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుండవచ్చు. అందుకే మన ఆహారభద్రతా నిబంధనలు దాన్ని నిషేధించాయి. ఎథిలీన్ వాయువుని మాత్రం గదుల్లో కొలత ప్రకారం, గాలిలో పదిలక్షల పాళ్ళకి నూరు పాళ్ళు మించకుండా, వాడుకోవచ్చని 2016లో అనుమతించారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ రెండోది నాకు తప్పుగా తోచదు. పాలు తోడుకోవాలని మనం కాస్త పెరుగు వెయ్యడం లేదూ? అది తోడు. పాలలో నిమ్మకాయ పిండి, విరిగినదాన్ని పెరుగని వడ్డిస్తే అది మోసం. రెండింటిలోనూ తొందర ఉంది, కానీ ఒకటి పాలకి తెలిసిన దారి.

హైదరాబాదులో ఉన్న మా వదిన ఈమాట ఒప్పుకోదు. "నువ్వు తోటల్లో ఉండి ఎన్నయినా చెబుతావు. పసుపుగా నిగనిగలాడకపోతే మా పిల్లలు ముట్టుకోరు. పైగా అక్షరాలు రాయడం వచ్చుగదా అని అన్నీ ఆడవాళ్ళ నెత్తినే రుద్దుతావు" అంటుంది.

ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. తోటల సంగతి ఆవిడకి తెలీదు గానీ నాకు తెలుసు. పూతమీదే తోట గుత్తకి తీసుకున్నవాడు అప్పుతెచ్చి డబ్బు కట్టి ఉంటాడు. ఒక్క గాలివానకి కాయంతా నేలపాలవుతుంది. ముందుగా మార్కెట్టుకెళ్ళిన కాయకి ధర ఎక్కువ. అందుకని ముదరకుండానే కోయిస్తాడు. అప్పిచ్చినవాడి తొందర గుత్తదారుకీ, అతని తొందర వ్యాపారికీ, వ్యాపారిది బండివాడికీ చేతులు మారుతూ వస్తుంది. చివరికి కాయ ఒక్కటే మిగులుతుంది తిరిగి ఎవరికీ చెప్పుకోలేనిది. ఈ వరసలో ఎవణ్ణి దొంగ అనాలి? రాయి పెట్టినవాణ్ణనే చట్టం అంటుంది, అది న్యాయమే. కానీ ఉగాది వెళ్ళగానే పసుపుపచ్చటి పండు కావాలని అడిగిన గొంతు కూడా ఆ వరసలో ఉంది. అది మన వంటింట్లోంచే వినిపిస్తుంది.

నాకు అర్థం కానిదల్లా ఒకటే. కుక్కరు మిగిల్చిన అరగంటా, మిక్సీ మిగిల్చిన గంటా, ఇన్నేళ్ళుగా కూడబెట్టుకున్న ఇంత టైమున్నవాళ్ళం, ఒక కాయకి నాలుగు రోజులు ఇవ్వలేకపోతున్నామేం? రోలు ముందు నడుం వంగిపోయిన అమ్మమ్మ ఇవ్వగలిగింది.

మొన్న మే నెలలో బజారుకెళ్ళి, గట్టికాయలున్నాయా అని అడిగాను. "పచ్చడికా అమ్మా?" అన్నాడు బండబ్బాయి. "కాదు, పండేసుకోడానికి" అన్నాను. నా ముఖంలోకి ఒకసారి చూసి, పైన పేర్చిన పళ్ళ జోలికి పోకుండా బండికింద ఉన్న గంప బైటికి లాగాడు. "ఇవి మా ఇంటికని ఉంచుకున్నానమ్మా, ఓ డజను తీసుకోండి" అన్నాడు.