కారణము వేఱు, దోషము వేఱు

వివాహమై రెండుమూడేండ్లు గడచినను ఇంట ఉయ్యెల కట్టకున్నచో ఊరివారి చూపు ముందుగా కోడలిమీదనే పడును. ఆమెను గొడ్రాలనుటకు పరీక్ష యక్కఱలేదు, సాక్ష్యమక్కఱలేదు. సీమంతమునకు పిలుచుటకు వెనుదీయుదురు. భర్తను గూర్చి మాత్ర మెవ్వరును నోరు మెదపరు. ఇది న్యాయమా?

దంపతులు 12 మాసములు క్రమముగ కాపురము చేసినను గర్భము నిలువనిచో పరీక్ష చేయవలయునని వైద్యులందురు. భార్యకు 35 ఏండ్లు దాటినచో 6 మాసములే గడువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన లెక్కను బట్టి వయోజనులలో సుమారు ఆఱుగురికొకరు జీవితమున నెప్పుడో యొకప్పుడు ఈ చిక్కునకు లోనగుచున్నారు. స్త్రీయందు అండము విడుదల కాకపోవచ్చును, గర్భనాళములు మూసికొనిపోవచ్చును, మన దేశమున క్షయరోగము సయితము ఆ నాళములను చెఱచుచున్నది. పురుషునియందు శుక్రకణములు తగ్గవచ్చును, వాని చలనము మందగింపవచ్చును. ఇంచుమించు సగము జంటలలో పురుషునియందును కారణము కనబడుచున్నది.

ఇక పరీక్షల మాట. పురుషుడు రెండు మొదలు ఏడు దినములు నియమముగ నుండి శుక్రమును పరీక్షకిచ్చిన చాలును. కోత లేదు, నొప్పి లేదు. స్త్రీకో, గర్భాశయములోనికి మందు నెక్కించి ఎక్స్‌రే తీయవలసివచ్చును. ఒక్కొక్కప్పుడు కడుపున రంధ్రము చేసి చూడవలసివచ్చును. సులభమైన పరీక్షను విడిచి కష్టమైన దానికి భార్యను మాత్రమే పంపుట యే ధర్మము?

పురుషుని పరువు పోవునని కొందఱందురు. పుంస్త్వము వేఱు, బీజబలము వేఱు. దృఢకాయునకును కణములు తక్కువగ నుండవచ్చును. మహాభారతమున పాండురాజు తన యశక్తిని కుంతికి దాచక చెప్పెను. అందువలన నతని గౌరవము తగ్గెనని యెవ్వరు ననలేదు. సత్యమును దాచి భార్యను నిందలపాలు చేయుటయే పరువు తక్కువ పని.

అట్లని నిందను కోడలి తలనుండి దింపి కొడుకు తలకెత్తుడని మేము చెప్పుట లేదు. కారణము శరీరధర్మము, దోషము బుద్ధిపూర్వకముగ చేసిన పనికి గాని యంటదు. కొన్ని జంటలయందు ఎన్ని పరీక్షలు చేసినను ఏ కారణమును కనబడదు. చికిత్స లన్నియు ఫలించునను పూచీయు లేదు. బిడ్డలు లేని దాంపత్యము వ్యర్థమనువారు దాంపత్యమన నేమో యెఱుగనివారు.

హిందూ వివాహచట్టము 1955లో, భార్య యుండగా సంతానమునకై మఱల పెండ్లియాడు మార్గమును మూసినది. కాని నిందను మూయుటకు చట్టము చాలదు. అది యింటిలోనివారి పని. కోడలిని వైద్యశాలకు పంపు పెద్దలు, ఆనాడే, ఆ బండిలోనే, కొడుకునుగూడ ఎక్కింపవలయును.